విషవాయువును చూసి కాదు, మనిషిని చూసి ఎంచే రక్షణ దుస్తులు

గత శీతాకాలంలో ఒక మధ్యాహ్నం మా క్యాంపస్‌లోని సైన్స్ బ్లాకు మెట్లెక్కుతున్నాను. నాది సామాజిక శాస్త్రం. రాయ్‌పూర్ నగరంలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఫెలోషిప్ కాగితం మీద ఒక సంతకం కోసం ఆ పూట అటు వెళ్లాను. రెండో అంతస్తుకు చేరేసరికి అరుపులు వినిపించాయి. ఒక ల్యాబ్‌లో గాఢ అమ్మోనియా ద్రావణం ఉన్న సీసా చెయ్యి జారి పగిలిపోయింది. తెల్ల కోట్లు వేసుకున్న పదిమంది పరిశోధక విద్యార్థులు కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి పరుగెత్తుకొచ్చారు. అందరూ క్షేమంగానే ఉన్నారు. కాస్త ఊపిరి పీల్చుకున్నాక ఒకరన్నారు, "సఫాయి వాళ్లను పిలవండి" అని.

నంబరు ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర ఉంది. ఆ బ్లాకు ఊడ్చే దీదీ నా పరిశోధనలో భాగంగా నాతో మూడు నెలలుగా మాట్లాడుతున్న మనిషి. దళిత మహిళ, నలభై అయిదేళ్లు ఉంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. నేను ఆమెను దీదీ అంటాను, ఆమె నన్ను బిటియా అంటుంది. నంబరు చెప్పింది నేనే.

దీదీ అయిదారు నిమిషాల్లో వచ్చింది. కాళ్లకు రబ్బరు చెప్పులు, ఒక చేతిలో తుడిచే కర్ర, ఇంకో చేతిలో బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ల బకెట్. చీర కొంగు ముక్కు మీదికి లాక్కుని లోపలికి నడిచింది. కోట్లు వేసుకున్నవాళ్లం, చదువుకున్నవాళ్లం వరండాలో నిలబడి చూశాం. ఆమె బకెట్ వంచబోతుండగా ఒక జూనియర్ విద్యార్థి గట్టిగా అరిచి ఆపాడు. అమ్మోనియా మీద బ్లీచింగ్ పడితే క్లోరమీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ కుర్రవాడికి అది గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. దీదీ దగ్గుకుంటూ బయటికొచ్చింది. కిటికీలు తెరిచి, అందరం గంటసేపు ఆగి, తర్వాత తుడిపించారు. తుడిచింది మళ్లీ ఆమే.

అదే వరండాలో, మేం నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో ఒక అద్దాల అల్మారా ఉంది. దాని మీద ఎర్ర అక్షరాలతో 'ఎమర్జెన్సీ' అని రాసి ఉంది. లోపల ముఖాన్ని కప్పే షీల్డు, మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్స్, రెండు గుళికలున్న మాస్కు కనిపిస్తున్నాయి. ఆ గుళికల చుట్టూ ఆకుపచ్చ పట్టీ ఉంది. తర్వాత చదివి తెలుసుకున్నాను: అమెరికా పద్ధతిలోనైనా, యూరప్ పద్ధతిలోనైనా ఆకుపచ్చ పట్టీ అమ్మోనియాకు పనికొచ్చే గుళికకు గుర్తు. అంటే సరిగ్గా కావలసిన వస్తువు అక్కడే ఉంది. అల్మారాకు తాళం ఉంది. తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నారు. తాళం ఉందన్నది ఆ రోజు మా తప్పులో చిన్న భాగం మాత్రమే. దీదీ లోపలికి వెళ్లే ముందు ఆ అల్మారా వైపు చూడాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మూడు నెలలు ఆమె జీవితాన్ని నోట్‌బుక్కులో రాసుకున్న నాకూ రాలేదు.

ఈ సంపాదకీయం ఆ సిగ్గులోంచి రాస్తున్నాను. రసాయన ప్రమాదంలో ఏ దుస్తులు వేసుకోవాలన్నది ఇంజనీర్లకు, అగ్నిమాపక దళాలకు సంబంధించిన సాంకేతిక విషయమని అనుకుంటాం. నిజానికి దాని శాస్త్రం చాలా స్పష్టంగా ఉంది: ముందు ప్రమాదాన్ని కొలవాలి, దాన్నిబట్టి దుస్తులు ఎంచాలి. మన దేశంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. లోపలికి వెళ్లే మనిషి ఎవరో ముందు తేలిపోతుంది. ఆ మనిషి కులాన్ని, కూలిని, కాంట్రాక్టును బట్టి దుస్తులు తేలతాయి.

ఎంపిక ఎలా జరగాలి

అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు ప్రమాదకర రసాయనాల దగ్గర పనిచేసేవారి రక్షణను నాలుగు స్థాయులుగా విభజించాయి. చాలా చోట్ల శిక్షణల్లో ఇది వాడుకలో ఉంది. లెవెల్ ఎ అంటే శరీరమంతటినీ గాలి చొరకుండా మూసే సూటు, దానిలోపల వీపున మోసే గాలి సిలిండరు. చర్మానికీ ఊపిరితిత్తులకూ తీవ్ర ప్రమాదం ఉన్నప్పుడు, లేదా గాలి ఆడని మూసిన చోట ఏముందో ఇంకా తేలనప్పుడు ఇది కావాలి. లెవెల్ బి లో శ్వాస రక్షణ అంతే ఉంటుంది, సూటు మాత్రం చిందే ద్రవాలను ఆపేది. లెవెల్ సి లో సిలిండరుకు బదులు గాలిని వడకట్టే గుళికల మాస్కు. వాయువు ఏదో తెలిసి, అది ఎంత ఉందో కొలిచి, ఆక్సిజన్ సరిపడా ఉందని తేల్చుకున్నాకే దీన్ని వాడాలి. లెవెల్ డి అంటే మామూలు పని దుస్తులు, బూట్లు. గాలిలో ఏ ప్రమాదమూ లేని చోటికి మాత్రమే అవి.

ఈ క్రమంలో మొదటి ప్రశ్న 'ఏ సూటు' అన్నది కానే కాదు. ఏం కారింది, ఎంత కారింది, గాలిలో ఎంత ఉంది, ఆక్సిజన్ ఎంత ఉంది, అసలు మనిషి లోపలికి వెళ్లాల్సిన అవసరం ఉందా? వీటికి జవాబులు వచ్చాకే దుస్తుల మాట. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గితే ఎంత ఖరీదైన గుళికల మాస్కైనా పనికిరాదు. గుళిక విషాన్ని వడకట్టగలదు గాని, లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు.

అన్ని రసాయనాలనూ ఆపే ఒకే బట్ట ఇంతవరకు లేదు. రసాయనం మూడు దారుల్లో లోపలికి వస్తుంది. కుట్ల నుంచి, జిప్పుల నుంచి, చిన్న చిల్లుల నుంచి దూరడం ఒకటి. పైకి ఏ చిల్లూ కనిపించకపోయినా అణువుల స్థాయిలో పదార్థంలోకి ఇంకి అవతలికి తేలడం రెండోది. బట్టనే మెత్తబరిచి, పగుళ్లు తెప్పించి పాడుచేయడం మూడోది. అందుకే మంచి తయారీదారులు ప్రతి రసాయనానికీ ఆ గ్లవ్ ఎన్ని నిమిషాలు ఆపుతుందో పట్టిక ఇస్తారు.

ఆ పట్టిక చూడకపోతే ఏమవుతుందో ఒక ఆచార్యురాలి మరణం ప్రపంచానికి చెప్పింది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధించే కారెన్ వెటర్‌హాన్ 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీతో పనిచేస్తుండగా కొన్ని చుక్కలు ఆమె లేటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. ఆమె గ్లవ్ వేసుకుంది, గాలిని లాగేసే హుడ్ కింద పనిచేసింది, అప్పటికి తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకుంది. అయినా 1997 జూన్‌లో పాదరస విషంతో మరణించింది. ఆ ద్రవం ఆ గ్లవ్ గుండా 15 సెకన్లలోపే దాటిపోతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఆమె మరణం తర్వాత ఆ రసాయనానికి ఏ గ్లవ్ వాడాలన్న సూచనలు మారిపోయాయి. ఒక ప్రాణం పోయింది, ఒక పాఠం పుస్తకాల్లోకి ఎక్కింది. మన మురుగు గుంతల్లో ఏటా పోతున్న ప్రాణాల నుంచి ఏ పాఠమూ పుస్తకాల్లోకి ఎక్కకపోవడాన్ని దీని పక్కన పెట్టి చూడాలి.

ఊపిరి ముందు, బట్ట తర్వాత

రాయ్‌పూర్ ఉక్కు, స్పాంజ్ ఐరన్, విద్యుత్ కర్మాగారాల నడుమ ఉన్న రాజధాని. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలు నగరానికి ఆనుకుని ఉన్నాయి. పక్కనే భిలాయి. 2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో నీటి ఒత్తిడి పడిపోవడంతో కార్బన్ మోనాక్సైడ్‌తో కూడిన గ్యాస్ పంపుహౌస్‌లోకి వచ్చింది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. హెల్మెట్, బూట్లు, మందపాటి కోటు ఏవీ దాన్ని ఆపవు. గాలిని కొలిచే పరికరం, వీపున సిలిండరు మాత్రమే కాపాడగలవు. గ్యాస్ హోదా చూడదని ఆ రోజు రుజువైంది. పరికరాలు ఎంచేటప్పుడు మనమూ హోదా చూడకూడదన్న సంగతి మాత్రం ఇంకా ఎవరికీ ఎక్కలేదు.

2024 జూలై 5న ఇదే రాష్ట్రంలో జాంజ్‌గీర్-చాంపా జిల్లా కికిర్దా గ్రామంలో ఒకరు బావిలోకి దిగి పైకి రాలేదు. ఆయన కోసం ఒకరి వెనుక ఒకరు దిగారు. అయిదుగురు చనిపోయారు. అదే రోజు కోర్బా జిల్లాలో ఇంకో బావి ఇలాగే నలుగురిని మింగింది. ఒక్క రోజు, రెండు బావులు, తొమ్మిది ప్రాణాలు. మూసిన చోట్ల చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లోనే హెచ్చరించింది.

తెలుగువాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. 2015 నవంబర్ 26న కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులు, వాళ్లను కాపాడబోయిన ఒక స్థానిక ఆటో డ్రైవర్ ముగ్గురూ చనిపోయారు. కేంద్ర ప్రభుత్వం తొలిసారి అధికారికంగా రాజ్యాంగ దినం జరిపింది ఆ రోజే. ఢిల్లీలో అంబేడ్కర్ పేరు మీద ప్రసంగాలు నడుస్తున్న గంటల్లో, ఆంధ్ర నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లిన ఇద్దరు మనుషులు మురుగులో ఊపిరాడక పోయారు.

మురుగులో చంపేది ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది కాబట్టి తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. 100 పీపీఎం స్థాయిలో కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని దిగుతారు. 700 పీపీఎం దాటితే ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది. అగ్గిపుల్ల గీసి లోపలికి వదిలి చూడడం, కాసేపు మూత తీసి ఉంచడం, నోట్లో గుట్కా పెట్టుకోవడం, ఒక గుక్క సారా తాగడం: నా క్షేత్ర పనిలో కార్మికులు నాకు చెప్పిన జాగ్రత్తలు ఇవి. వీటిలో మూత తీసి ఉంచడం కొంత మేలు చేస్తుంది, అదొక్కటే చాలదు. అగ్గిపుల్ల మీథేన్‌కు తగిలితే పేలుతుంది. ఇవి అజ్ఞానం వల్ల వచ్చిన పద్ధతులని తేలిగ్గా తీసిపారేయకూడదు. కొలిచే పరికరం ఇవ్వని చోట మనిషి తన శరీరాన్నే పరికరంగా మార్చుకున్నాడు.

పారిశుధ్య కార్మికులకు పంచిన కొన్ని కిట్లను నేను విప్పి చూశాను. ఒక రెయిన్‌కోటు, పల్చటి గ్లవ్స్, గమ్‌బూట్లు, మెరిసే జాకెట్టు, దుమ్మును ఆపే మాస్కు. ఊళ్లో వాన పడితే ఇవి పనికొస్తాయి. రాత్రి రోడ్డు మీద లారీ గుద్దకుండా జాకెట్టు కాపాడుతుంది. బురద అంటకుండా బూట్లు కాపాడతాయి. వాయువు నుంచి కాపాడేది ఆ సంచిలో ఒక్కటీ లేదు. నాలుగు స్థాయుల భాషలో చెప్పాలంటే, లెవెల్ బి కావలసిన గుంతలోకి లెవెల్ డి ఇచ్చి దింపుతున్నాం. రాయ్‌పూర్ రైల్వే కాలనీల వైపు మూడు తరాలుగా ఉంటున్న ఒక తెలుగు కుటుంబంలోని పెద్దాయన ఆ సంచి చూసి నాతో అన్న మాట: "ఇది నేను తడవకుండా చూత్తాది గానమ్మా, నేను సావకుండా సూడదు."

చట్టం లోపల దాగిన దుస్తులు

2013లో వచ్చిన పాకీపని నిషేధ, పునరావాస చట్టాన్ని చదివేటప్పుడు విద్యార్థులు ఒక వాక్యం దగ్గర తప్పక ఆగాలి. పాకీ పనివారు ఎవరన్న నిర్వచనం కింద ఒక వివరణ ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో మలాన్ని శుభ్రం చేసే ఉద్యోగిని పాకీ పనివారిగా పరిగణించరాదని అది చెబుతుంది. ప్రమాదకర శుభ్రత అన్న నిర్వచనం కూడా యజమాని రక్షణ సామగ్రి ఇవ్వకపోవడం మీదే ఆధారపడి ఉంది. అంటే పని అదే, గుంత అదే, కులం అదే. ఒంటి మీదికి గ్లవ్స్, బూట్లు వస్తే చట్టం కంటికి పాకీపని మాయమవుతుంది. రక్షణ దుస్తుల ఎంపిక ఇక్కడ ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం మాత్రమే కాకుండా, ఒక నేరం ఉందా లేదా అన్నది తేల్చే విషయంగా మారిపోయింది.

అదే ఏడాది వచ్చిన నియమాల్లో సామగ్రి జాబితా పొడవుగానే ఉంది. బయటి నుంచి గొట్టం ద్వారా గాలి అందించే శ్వాస పరికరం, నాలుగు వాయువులను కొలిచే మానిటర్, పైకి లాగే ముక్కాలి స్టాండు, ఒంటికి కట్టే హార్నెస్ ఉన్నాయి. రెయిన్‌కోటు, మెరిసే జాకెట్టు, మామూలు ఫేస్ మాస్కు కూడా ఉన్నాయి. జాబితా అన్నింటినీ ఒకే వరుసలో నిలబెట్టింది. ఇవి లేకుండా దిగనే కూడదు, ఇవి ఉంటే మంచిది అన్న తేడా చూపలేదు. దాంతో కాంట్రాక్టరు జాబితాలో చవకైనవి ఏరుకుంటాడు, రిజిస్టరులో 'ఇచ్చాం' అని రాసుకుంటాడు.

1948 ఫ్యాక్టరీల చట్టం ఈ తేడాను ఆనాడే గుర్తించింది. విషవాయువు ఉండే అవకాశమున్న ట్యాంకులోకి, గుంతలోకి ఎవరూ దిగకూడదని దాని 36వ సెక్షన్ రాసింది. దిగాలంటే లోపల వాయువు లేదని సమర్థుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా దిగే మనిషి శ్వాస పరికరం, నడుముకు తాడు కట్టిన బెల్టు ధరించాలి, ఆ తాడు కొసను బయట ఒక మనిషి పట్టుకోవాలి. ఫ్యాక్టరీ గోడ లోపలి ట్యాంకుకు 1948లో రాసుకున్న నియమం వీధిలోని సెప్టిక్ ట్యాంకు దాకా రావడానికి 65 ఏళ్లు పట్టింది. వచ్చినా కాగితం మీదే ఆగింది.

ఆ కాగితానికీ నేలకూ మధ్య దూరం ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2022, 2023లలో జరిగిన మురుగు మరణాల్లో 54 మరణాల మీద కేంద్రం చేయించిన సామాజిక తనిఖీ వివరాలు 2025 జూలైలో పార్లమెంటు ముందుకొచ్చాయి. వాటిలో 49 మంది ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదు. మిగిలినవారికి ఉన్నవి గ్లవ్స్, మహా అయితే గమ్‌బూట్లు. నమస్తే పథకం కింద ప్రభుత్వం నమోదు చేసిన మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 38,000 మంది వివరాలు 2024లో బయటికొచ్చాయి. వారిలో 68.9 శాతం ఎస్సీలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కలిపితే దాదాపు 92 శాతం. కులం అన్నది పనులను పంచే ఏర్పాటు మాత్రమే కాదని, పనిచేసే మనుషులనే మెట్ల మీద విడదీసి పెట్టే ఏర్పాటని అంబేడ్కర్ వాదించారు. ఏ మెట్టు మీదివాళ్ల ఊపిరికి సిలిండరు కొంటారో, ఏ మెట్టు మీదివాళ్లకు రెయిన్‌కోటు కొంటారో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు మురుగు మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగులోకి దింపడం ఆపాలని చెప్పింది. పరిహారం పెరగడం మంచిదే. కానీ పోయిన ప్రాణానికి 30 లక్షలు కట్టాలని మూడుసార్లు ఆలోచించే వ్యవస్థ, ముందుగా ఒక గ్యాస్ మానిటర్ కొనడానికి ఒక్కసారి కూడా ఆలోచించకపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

తెలియక కాదు

చేయడం రాదని అనడానికి లేదు. 2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని పాత యూనియన్ కార్బైడ్ ఆవరణ నుంచి 337 టన్నుల విష వ్యర్థాలను 12 కంటైనర్లలో పీథంపూర్‌కు తరలించారు. వాటిని నింపిన కార్మికులకు తల నుంచి కాలి దాకా కప్పే సూట్లు, మాస్కులు ఇచ్చారు. అరగంట చొప్పున షిఫ్టులు పెట్టారు. లారీలు ఆగకుండా దారంతా ఖాళీ చేయించారు. హైకోర్టు ఆదేశం ఉంది, దేశమంతా చూస్తోంది, కెమెరాలు ఉన్నాయి. కాబట్టి శాస్త్రం చెప్పిన పద్ధతి అమలైంది. 40 ఏళ్ల కిందట, 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి, అదే కర్మాగారం పక్కన బస్తీల్లో నిద్రపోతున్న పేదలకు తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకోమని చెప్పినవాళ్లు కూడా లేరు.

విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు 12 మంది మరణించారు. ప్లాంటులో సైరన్ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. రసాయన ప్రమాదాల్లో శిక్షణ పొందిన ఎన్‌డీఆర్‌ఎఫ్ నిపుణులను పుణె నుంచి విమానంలో రప్పించారు. వాళ్లు వచ్చేలోపు ఊరి యువకులు, స్థానిక పోలీసులు ఇళ్లలోకి వెళ్లి పడిపోయినవాళ్లను మోసుకొచ్చారు. సూటు ఎంత గొప్పదైనా పుణెలో ఉంటే వెంకటాపురానికి మొదటి గంటలో ఉపయోగం లేదు. ఎంపికలో ఏ సూటు అన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉంది, దాన్ని ఎవరు వేసుకోగలరు, ఎవరికి నేర్పారు అన్నవీ అంతే ముఖ్యం.

దుస్తులు శరీరం మీద వేసుకునేవి కాబట్టి శరీరాల సంగతీ మాట్లాడాలి. మే నెలలో రాయ్‌పూర్ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. గాలి చొరని సూటులో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, వడదెబ్బ తగులుతుంది. భోపాల్‌లో అరగంట షిఫ్టు పెట్టింది ఊరికే కాదు. సిలిండరులో గాలి కూడా దాదాపు అరగంట పనికే సరిపోతుంది. మాస్కు ముఖానికి అతుక్కోకపోతే అంచుల నుంచి విషం దూరుతుంది. గడ్డం ఉన్నా అంతే. సూట్లు, గ్లవ్స్, బూట్లు ఎక్కువగా మగవారి కొలతల్లో కొంటారు. చీర మీద వేసుకోగలిగిన సూటు లేదు. దీదీకి ఆ అల్మారా తెరిచి ఇచ్చి ఉన్నా, ఆ గ్లవ్స్ ఆమె చేతులకు వదులయ్యేవి. ఆ మాస్కు పట్టీలు ఎలా బిగించాలో ఆమెకు ఎవరూ ఏనాడూ నేర్పలేదు. శిక్షణ లేకుండా ఇచ్చిన సామగ్రి ధైర్యం ఇచ్చి ప్రాణం తీస్తుంది.

మన క్యాంపస్‌ల నుంచి మొదలుపెడదాం

వారం తర్వాత దీదీని కలిశాను. అప్పటికీ గొంతు బొంగురుగా ఉంది. ఆ రోజు సంఘటన ల్యాబ్ రిజిస్టరులో ఒక వాక్యంగా ఉంది: సీసా పగిలింది, శుభ్రం చేయించాం, ఎవరికీ గాయాలు లేవు. నంబరు ఇచ్చింది నేనేనని ఆమెకు చెప్పాను. "తెలుసు బిటియా, ఫోన్‌లో నీ పేరే చెప్పారు. అందుకే తొందరగా వచ్చాను" అంది. ఆ మాట తర్వాత చాలాసేపు నేను ఏమీ రాసుకోలేకపోయాను.

ఆ తర్వాత రాసింది ఒక వినతిపత్రం. దానిలో అడిగినవి పెద్ద కోరికలు కావు, ఏ క్యాంపస్‌లోనైనా అడగదగినవే. రసాయనం ఒలికితే దాన్ని శుభ్రం చేయడం ఆ రసాయనం గురించి తెలిసిన, శిక్షణ పొందిన ల్యాబ్ సిబ్బంది బాధ్యత. హౌస్‌కీపింగ్ కార్మికులను పిలవకూడదని రాతపూర్వక నియమం ఉండాలి. అత్యవసర అల్మారాకు తాళం ఉండకూడదు. ప్రతి ల్యాబ్‌లో ఏ రసాయనానికి ఏ గ్లవ్, ఏ గుళిక అన్న పట్టిక తెలుగువారున్న చోట తెలుగులో, ఇక్కడ హిందీలో, ఛత్తీస్‌గఢీలో గోడ మీద ఉండాలి. బ్లీచింగ్‌ను అమ్మోనియాతో గాని, టాయిలెట్ యాసిడ్‌తో గాని కలపకూడదన్న సంగతి ఊడ్చే ప్రతి ఒక్కరికీ చెప్పాలి, ఎందుకంటే రెండింటిలోనూ పుట్టేది విషవాయువే. సామగ్రి కొనే కమిటీలో దాన్ని వేసుకునే కార్మికులు, వారిలో మహిళలు, కూర్చోవాలి. ప్రమాద రిజిస్టరులో కాంట్రాక్టు కార్మికుల పేర్లు కూడా ఎక్కాలి. హాస్టళ్ల సెప్టిక్ ట్యాంకుల టెండర్లలో మనిషి దిగడం నిషిద్ధం, యంత్రంతోనే పని అన్న షరతు పెట్టాలి. ఆ టెండరు పత్రాలను సమాచార హక్కు కింద అడిగి చదవడం విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని.

రక్షణ దుస్తులు చిట్టచివరి మెట్టు. ప్రమాదాన్ని తొలగించడం, యంత్రాన్ని దింపడం, గాలిని కొలవడం దానికంటే ముందు రావాలి. మురుగు విషయంలో అయితే సరైన సూటు కోసం వెతకడం కంటే ఆ గుంతలోకి మనిషి దిగే అవసరమే లేకుండా చేయడం మన డిమాండు కావాలి. కానీ ఆ రోజు వచ్చేదాకా దిగే ప్రతి మనిషికీ శాస్త్రం చెప్పిన పూర్తి రక్షణ దక్కాలి. కిట్ల పంపిణీ ఫొటోలు దానికి బదులు కావు.

నా వినతిపత్రానికి ఇంకా జవాబు రాలేదు. కిందటి వారం నేనూ, బ్లీచింగ్‌ను ఆపిన ఆ జూనియర్ విద్యార్థీ, మరో నలుగురం కలిసి దీదీతో పాటు ఆ బ్లాకులో పనిచేసే ఆరుగురిని కూర్చోబెట్టుకుని, ఏ సీసా మీద ఏ గుర్తు ఉంటే ఏమిటో చెప్పుకున్నాం. ఒక గంట పట్టింది. మీ క్యాంపస్‌లోనూ ఆ గంట దొరుకుతుంది. మీ వరండాలో ఉన్న అల్మారా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈరోజే కనుక్కోండి.